ఉపగ్రహ భూకేంద్రంలో ఆంటెన్నా అనుసరణ

ఉపగ్రహ భూకేంద్రంలో ఆంటెన్నా అనుసరణ లేదా ఆంటెన్నా ట్రాకింగ్ అనగా ఆకాశంలో కదిలిపోతున్న కృత్రిమ ఉపగ్రహం వైపే భూమి మీది ఆంటెన్నా ఎడతెగకుండా గురిపెట్టి ఉండేలా చేసే ప్రక్రియ. ఉపగ్రహం పంపే రేడియో సంకేతం వందల, వేల కిలోమీటర్లు ప్రయాణించి భూమిని చేరేసరికి మిక్కిలి బలహీనపడుతుంది. దానిని పెద్ద డిష్ ఆంటెన్నాతో పోగుచేసి, రొద నుండి వేరుచేసి, అందులోని సమాచారాన్ని వెలికితీయడమే భూకేంద్రం చేసే పని. ఆంటెన్నా గురి తప్పితే సంకేతం తగ్గుతుంది. సంకేతం తగ్గితే సమాచారంలో తప్పులు పెరుగుతాయి. ఒక హద్దు దాటిన తరువాత సమాచారం పూర్తిగా చేజారిపోతుంది. కనుక ఆంటెన్నా అనుసరణ, సంకేత నాణ్యత అనే రెండు విషయాలను కలిపి చూడవలసి ఉంటుంది.

భూకేంద్రం భాగాలు

భూకేంద్రంలో ముఖ్యంగా ఈ క్రింది భాగాలుంటాయి.

* పరావర్తకం: పరావలయ ఆకారంలో ఉండే పెద్ద డిష్. దీని మీద పడిన రేడియో తరంగాలు ఒకే బిందువు వద్దకు చేరతాయి.
* ఫీడ్: ఆ బిందువు వద్ద తరంగాలను అందుకునే కొమ్ము ఆకారపు భాగం.
* తక్కువ రొద వర్ధకం: ఫీడ్‌కు వీలైనంత దగ్గరగా అమర్చే తొలి ఆంప్లిఫయర్. బలహీనమైన సంకేతానికి తన సొంత రొదను వీలైనంత తక్కువగా చేర్చి, దానిని పెద్దది చేస్తుంది.
* చలన వ్యవస్థ: డిష్‌ను రెండు లేదా మూడు అక్షాల మీద తిప్పే మోటార్లు, గేర్లు, కోణాన్ని కొలిచే ఎన్‌కోడర్లు, వీటిని నడిపే సర్వో నియంత్రణ.
* గ్రాహకం మరియు డీమాడ్యులేటర్: సంకేతాన్ని సున్నా, ఒకటి అనే బిట్లుగా మార్చే పరికరాలు.
* కాలమానం: భూకేంద్రం అంతటికీ ఒకే సరైన సమయాన్ని అందించే గడియారం.

డిష్ దిశను సాధారణంగా రెండు కోణాలతో చెబుతారు. ఉత్తర దిక్కు నుండి కుడివైపుకు క్షితిజం వెంట కొలిచేది దిగంశ కోణం. క్షితిజం నుండి పైకి కొలిచేది ఊర్ధ్వకోణం. క్షితిజం వద్ద ఊర్ధ్వకోణం 0 డిగ్రీలు, నడినెత్తిన 90 డిగ్రీలు.

ఆంటెన్నా పరిమాణం, పుంజం వెడల్పు

వాన పడేటప్పుడు నోరు వెడల్పుగా ఉన్న పాత్రలో ఎక్కువ నీరు పడినట్లే, డిష్ పెద్దదైన కొద్దీ ఎక్కువ రేడియో శక్తిని పోగుచేస్తుంది. వ్యాసం రెట్టింపైతే పోగయ్యే శక్తి నాలుగు రెట్లవుతుంది. ఒక దిశ నుండి వచ్చే శక్తిని ఆంటెన్నా ఎన్ని రెట్లు అధికంగా గ్రహిస్తుందో తెలిపే కొలతను గెయిన్ అంటారు. దీనిని డెసిబెల్స్‌లో చెబుతారు. 3 డెసిబెల్స్ తగ్గడమంటే శక్తి సగం కావడం, 10 డెసిబెల్స్ తగ్గడమంటే పదో వంతు కావడం.

అయితే గెయిన్ పెరిగిన కొద్దీ ఆంటెన్నా చూపు ఇరుకవుతుంది. ఆంటెన్నా శక్తిని బాగా గ్రహించగల ఇరుకైన కోణాన్ని పుంజం అంటారు. పుంజం వెడల్పును డిగ్రీలలో తెలుసుకోవడానికి ఒక సులభ సూత్రం ఉంది. తరంగదైర్ఘ్యాన్ని డిష్ వ్యాసంతో భాగించి, సుమారు 70తో గుణించాలి. ఈ లెక్కన వచ్చే విలువలు కొన్ని:

* 7.5 మీటర్ల డిష్, ఎస్-బ్యాండ్ (2.25 గిగాహెర్ట్‌జ్): సుమారు 1.2 డిగ్రీలు
* 7.5 మీటర్ల డిష్, ఎక్స్-బ్యాండ్ (8.2 గిగాహెర్ట్‌జ్): సుమారు 0.34 డిగ్రీ
* 7.5 మీటర్ల డిష్, కా-బ్యాండ్ (26 గిగాహెర్ట్‌జ్): సుమారు 0.11 డిగ్రీ
* 32 మీటర్ల డిష్, ఎక్స్-బ్యాండ్ (8.4 గిగాహెర్ట్‌జ్): సుమారు 0.08 డిగ్రీ
* 60 సెంటీమీటర్ల ఇంటి డిష్, కేయూ-బ్యాండ్ (11.7 గిగాహెర్ట్‌జ్): సుమారు 3 డిగ్రీలు

ఆకాశంలో పూర్ణచంద్రుని వెడల్పు సుమారు అర డిగ్రీ. అంటే ఎక్స్-బ్యాండ్‌లో పనిచేసే 7.5 మీటర్ల డిష్ చూపు చంద్రబింబం కంటే చిన్నది. సంకేతం బాగా అందాలంటే డిష్ పెద్దదిగా ఉండాలి, కాని డిష్ పెద్దదైన కొద్దీ గురి కష్టమవుతుంది. భూకేంద్రం నిర్మాణంలోని మూల సమస్య ఇదే.

గురి తప్పడం వలన కలిగే నష్టం తప్పిన కోణపు వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. పుంజం వెడల్పులో పదో వంతు గురి తప్పితే నష్టం సుమారు 0.12 డెసిబెల్ మాత్రమే. దానిని లెక్కలోకి తీసుకోనవసరం లేదు. వెడల్పులో సగం తప్పితే నష్టం 3 డెసిబెల్స్, అంటే సగం శక్తి పోతుంది. పైన చెప్పిన ఎక్స్-బ్యాండ్ డిష్ 0.1 డిగ్రీ పక్కకు తిరిగితే సుమారు 1 డెసిబెల్, అనగా ఐదో వంతు శక్తి పోతుంది. 7.5 మీటర్ల డిష్ అప్పుడు సుమారు 6.7 మీటర్ల డిష్‌తో సమానమవుతుంది. ఈ కారణంగా గురిలో దోషం పుంజం వెడల్పులో పదో వంతుకు మించకుండా చూడటం సాధారణ నియమం.

డిష్ ఉపరితలం నునుపు కూడా తరంగదైర్ఘ్యానికి తగినట్లుండాలి. ఉపరితలంలో సగటున 1 మిల్లీమీటరు ఎగుడుదిగుడు ఉంటే ఎక్స్-బ్యాండ్‌లో నష్టం సుమారు అర డెసిబెల్ మాత్రమే. అదే డిష్‌ను కా-బ్యాండ్‌లో వాడితే నష్టం 5 డెసిబెల్స్ పైమాటే.

ఉపగ్రహం కనిపించే వ్యవధి

భూమి నుండి సుమారు 35,786 కి.మీ. ఎత్తున ఉండే భూస్థిర ఉపగ్రహం ఆకాశంలో ఒకే చోట నిలిచినట్లు కనిపిస్తుంది. దానిని నిర్ణీత స్థానం నుండి పదో వంతు డిగ్రీ మేర కూడా కదలకుండా అదుపు చేస్తారు. అందువలన 3 డిగ్రీల పుంజం గల ఇంటి డిష్‌ను ఒకసారి బిగిస్తే చాలు. ఇంధనం తగ్గిన ఉపగ్రహాలను ఉత్తర-దక్షిణ దిశలో అదుపు చేయడం మానినప్పుడు వాటి కక్ష్య సంవత్సరానికి సుమారు 0.85 డిగ్రీ చొప్పున వాలుతుంది. అప్పుడవి రోజుకొకసారి 8 అంకె ఆకారంలో కదులుతున్నట్లు కనిపిస్తాయి. పెద్ద డిష్‌లు వాటిని కూడా అనుసరించక తప్పదు.

భూమిని చిత్రించే ఉపగ్రహాల సంగతి వేరు. అవి సాధారణంగా 500 నుండి 900 కి.మీ. ఎత్తున ధ్రువాల మీదుగా తిరుగుతాయి. ఉదాహరణకు 2003 అక్టోబరు 17న ప్రయోగించిన రిసోర్స్‌శాట్-1 ఎత్తు 817 కి.మీ. ఈ ఎత్తున ఉపగ్రహం సెకనుకు సుమారు 7.4 కి.మీ. వేగంతో, దాదాపు 101 నిమిషాలకొక ప్రదక్షిణ చేస్తుంది. ఒక భూకేంద్రానికి అది ఒకసారి కనిపించే వ్యవధిని పాస్ అంటారు. సరిగ్గా నడినెత్తి మీదుగా పోయినప్పుడు కూడా 5 డిగ్రీల ఊర్ధ్వకోణం పైన అది సుమారు 13 నిమిషాలే కనిపిస్తుంది. పక్కగా పోయే పాస్‌లు ఇంకా చిన్నవి.

పాస్ మొదట్లో 5 డిగ్రీల ఊర్ధ్వకోణం వద్ద ఈ ఉపగ్రహం సుమారు 2,800 కి.మీ. దూరంలో ఉంటుంది. నడినెత్తికి వచ్చేసరికి దూరం 817 కి.మీ. రేడియో శక్తి దూరపు వర్గానికి విలోమానుపాతంలో తగ్గుతుంది కనుక, ఉపగ్రహపు ఆంటెన్నా అన్ని దిశలలో ఒకేలా ప్రసారం చేస్తున్నదనుకుంటే, పాస్ మొదట్లో అందే శక్తి నడినెత్తిన అందేదానిలో దాదాపు పన్నెండో వంతు మాత్రమే. దూరం కారణంగా సంకేతం కష్టంగా అందేది పాస్ మొదట్లో, చివరలో. వేగం కారణంగా గురి కష్టమయ్యేది పాస్ మధ్యలో.

ఈ కొద్ది నిమిషాల విలువ తెలియాలంటే ఒక లెక్క చాలు. ఉపగ్రహం క్రింద నేల సెకనుకు సుమారు 6.6 కి.మీ. చొప్పున జరుగుతుంది. రిసోర్స్‌శాట్-1లోని లిస్-3 కెమేరా ఒకేసారి 141 కి.మీ. వెడల్పు నేలను చూసేది. ఆ ఉపగ్రహం సెకనుకు 105 మెగాబిట్ల చొప్పున సమాచారాన్ని పంపేది. చిత్రాన్ని తీస్తూ అప్పటికప్పుడే పంపుతున్న వేళ ఒక్క సెకను సంకేతం తప్పితే 900 చదరపు కిలోమీటర్లకు పైగా నేల చిత్రంలో లేకుండా పోతుంది. వరద, తుఫాను సమయాలలో ఆ చిత్రం మళ్ళీ దొరకదు. తరువాతిసారి ఉపగ్రహం అదే నేల మీదికి వచ్చేసరికి నీరు తీసివేసి ఉండవచ్చు. చిత్రాలను నిల్వచేసి తరువాత పంపే ఏర్పాటు ఉన్న ఉపగ్రహాలలో ఈ ఇబ్బంది కొంత తగ్గుతుంది.

అనుసరణ పద్ధతులు

ప్రోగ్రామ్ అనుసరణ: ఉపగ్రహ కక్ష్యా వివరాల నుండి ఏ క్షణాన ఏ దిగంశ కోణం, ఏ ఊర్ధ్వకోణం వద్ద ఉంటుందో ముందుగా లెక్కగట్టి, ఆ పట్టిక ప్రకారం డిష్‌ను తిప్పుతారు. దీనికి సంకేతం అందవలసిన పని లేదు. అయితే కక్ష్యా వివరాలు తాజాగా ఉండాలి, గడియారం సరిగా ఉండాలి. నడినెత్తిన ఉపగ్రహం సెకనుకు అర డిగ్రీకి పైగా, అంటే ఒక చంద్రబింబమంత కదులుతుంది. కనుక గడియారం ఒక్క సెకను తప్పినా 0.34 డిగ్రీ పుంజంలో ఉపగ్రహం అసలు ఉండదు.

మెట్ల అనుసరణ: డిష్‌ను కొద్దిగా ఒక ప్రక్కకు జరిపి సంకేతం పెరిగిందా తగ్గిందా అని చూస్తారు. పెరిగితే అదే దిశలో ఇంకొక అడుగు వేస్తారు, తగ్గితే వెనుకకు వస్తారు. పరికరాలు తక్కువ, ఖర్చు తక్కువ. నెమ్మదిగా కదిలే భూస్థిర ఉపగ్రహాలకు ఇది సరిపోతుంది. వేగంగా కదిలే ఉపగ్రహాలకు పనికిరాదు.

శంఖాకార స్కానింగ్: పుంజాన్ని డిష్ అక్షం చుట్టూ కొద్ది కోణంలో గుండ్రంగా తిప్పుతారు. గురి సరిగా ఉంటే చుట్టంతటా సంకేతం సమానంగా ఉంటుంది. గురి తప్పితే చుట్టులో ఒకచోట పెరిగి, ఎదుటి వైపున తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గుల నుండి ఎటు జరగాలో తెలుస్తుంది. సంకేతం వేరే కారణాల వలన హెచ్చుతగ్గులకు లోనైతే మాత్రం ఈ పద్ధతి పొరబడుతుంది.

మోనోపల్స్: పెద్ద భూకేంద్రాలలో విరివిగా వాడే పద్ధతి ఇది. ఫీడ్ ఒకే సమయంలో మొత్తం, భేదం అనే రెండు రకాల సంకేతాలను ఇస్తుంది. నాలుగు కొమ్ములను పక్కపక్కన పెట్టి ఈ విధానాన్ని సులభంగా అర్థం చేసుకోవచ్చు. నాలుగింటిని కూడితే మొత్తం సంకేతం వస్తుంది, సమాచారం అందులో ఉంటుంది. కుడివైపు వాటి నుండి ఎడమవైపు వాటిని, పైవాటి నుండి క్రిందివాటిని తీసివేస్తే భేద సంకేతాలు వస్తాయి. ఉపగ్రహం సరిగ్గా మధ్యలో ఉంటే భేదం సున్నా. ప్రక్కకు జరిగితే ఎంత జరిగిందో, ఎటు జరిగిందో భేద సంకేతపు పరిమాణం, దశ చెబుతాయి. కొలత క్షణంలో పూర్తవుతుంది కనుక సంకేతపు హెచ్చుతగ్గులు గురిని చెడగొట్టలేవు.

మోనోపల్స్‌లో ఒక ప్రమాదం ఉంది. ప్రధాన పుంజానికి ఇరుప్రక్కలా పార్శ్వ పుంజాలు అనే బలహీనమైన చూపులు ఉంటాయి. వాటిలో గ్రహించే శక్తి ప్రధాన పుంజంతో పోలిస్తే సుమారు 50 నుండి 100వ వంతు. మొదట్లో గురి దూరంగా ఉంటే ఆంటెన్నా ప్రధాన పుంజానికి బదులు పార్శ్వ పుంజంతో ఉపగ్రహాన్ని పట్టుకుని, అనుసరణ సరిగానే సాగుతున్నట్లు చూపవచ్చు. అందుకే అందిన సంకేతపు బలాన్ని ముందుగా లెక్కగట్టిన విలువతో పోల్చి చూస్తారు.

ఒక పాస్ జరిగే తీరు

ఆచరణలో ఈ పద్ధతులను కలిపి వాడతారు. సాధారణంగా ఒక పాస్ ఈ క్రమంలో జరుగుతుంది.

1. పాస్‌కు ముందు కక్ష్యా పట్టికను తయారుచేసి, పరీక్షా సంకేతంతో గ్రాహక పరికరాలన్నిటినీ సరిచూస్తారు.
2. ఉపగ్రహం ఉదయించే దిశకు డిష్‌ను తిప్పి ఉంచుతారు.
3. ఉపగ్రహం క్షితిజం పైకి రాగానే ప్రోగ్రామ్ అనుసరణ మొదలవుతుంది.
4. పుంజం వెడల్పుగా ఉండే ఎస్-బ్యాండ్‌లో ముందు సంకేతాన్ని పట్టుకుంటారు. గురి కుదిరాక ఇరుకైన ఎక్స్-బ్యాండ్ మోనోపల్స్‌కు మారతారు.
5. డీమాడ్యులేటర్ సంకేతంతో లయ కుదుర్చుకున్నాక సమాచారం నిల్వ కావడం మొదలవుతుంది.
6. మధ్యలో సంకేతం తెగితే ఆంటెన్నా వెంటనే ప్రోగ్రామ్ అనుసరణకు మారి, సంకేతం తిరిగి దొరికేవరకు లెక్క ప్రకారం నడుస్తుంది.
7. పాస్ ముగిశాక డిష్‌ను తరువాతి పాస్‌కు సిద్ధం చేస్తారు.

గాలి తాకిడికి పెద్ద డిష్ ఊగుతుంది. దిశ మారేటప్పుడు గేరు పళ్ళ మధ్యనున్న సందు వలన గురి చెదురుతుంది. దీనిని నివారించడానికి ఒక్కొక్క అక్షానికి రెండేసి మోటార్లను అమర్చి, అవి ఒకదానికొకటి కొద్దిగా ఎదురు లాగేటట్లు చేస్తారు. తీవ్రమైన గాలులు, మంచు ఉన్నచోట ఆంటెన్నాను రేడియో తరంగాలను అడ్డుకోని గుండ్రని కప్పు లోపల ఉంచుతారు. దీనిని రేడోమ్ అంటారు.

నడినెత్తి సమస్య

దిగంశ, ఊర్ధ్వ కోణాల మీద తిరిగే ఆంటెన్నాకు ఉపగ్రహం నడినెత్తికి దగ్గరగా పోవడమే అన్నిటికంటే కష్టమైన పరిస్థితి. ఉపగ్రహం ఆకాశంలో ఒకవైపు నుండి ఎదుటి వైపుకు నడినెత్తి మీదుగా దాటేటప్పుడు డిష్ దిగంశాన్ని 180 డిగ్రీలు తిప్పుకోవాలి, అదీ కొద్ది సెకన్లలోనే. 817 కి.మీ. ఎత్తున ఉన్న ఉపగ్రహానికి పాస్‌లో గరిష్ఠ ఊర్ధ్వకోణం 60 డిగ్రీలైతే కావలసిన దిగంశ వేగం సెకనుకు ఒక డిగ్రీకి లోపే. గరిష్ఠ ఊర్ధ్వకోణం 85 డిగ్రీలైతే సుమారు 6 డిగ్రీలు, 89 డిగ్రీలైతే సుమారు 30 డిగ్రీలు కావాలి. కొన్ని టన్నుల బరువైన డిష్ అంత వేగంగా తిరగలేదు. దూరం రీత్యా సంకేతం మిక్కిలి బలంగా అందవలసిన ఆ క్షణాలలోనే గురి తప్పుతుంది. నడినెత్తి చుట్టూ ఉండే ఈ చిన్న ప్రాంతాన్ని ఆంగ్లంలో తాళపు రంధ్రంతో పోల్చి కీహోల్ అంటారు.

దీనికి మూడు పరిష్కారాలున్నాయి. మొదటిది, పాస్‌కు ముందే ఆంటెన్నా మొత్తాన్ని కొన్ని డిగ్రీలు ప్రక్కకు వాల్చే మూడవ అక్షాన్ని చేర్చడం. అప్పుడు కష్టమైన ప్రాంతం ఉపగ్రహం దారి నుండి తప్పుకుంటుంది. రెండవది, రెండు అక్షాలనూ క్షితిజానికి సమాంతరంగా మొదలుపెట్టే ఎక్స్-వై అమరిక. ఇందులో కష్టమైన ప్రాంతం నడినెత్తి నుండి క్షితిజానికి మారుతుంది. మూడవది, దిగంశాన్ని ముందుగానే తిప్పడం మొదలుపెట్టి, మధ్యలో కొద్ది నష్టాన్ని అంగీకరించడం.

సంకేత నాణ్యత

సంకేతం ఎంత బలంగా ఉంది అనేదానికంటే రొదతో పోలిస్తే ఎంత బలంగా ఉంది అనేదే ముఖ్యం. సంత మధ్యలో గట్టిగా మాట్లాడినా వినపడదు, నిశ్శబ్దమైన గదిలో గుసగుస కూడా వినిపిస్తుంది. పరమ శూన్య ఉష్ణోగ్రత కంటే వేడిగా ఉన్న ప్రతి వస్తువు రేడియో రొదను వెలువరిస్తుంది. అందువలన రొదను కెల్విన్ ఉష్ణోగ్రతగా చెప్పడం వాడుక. ఆకాశం నుండి వచ్చే రొద, సుమారు 290 కెల్విన్లున్న నేల నుండి డిష్ అంచుల మీదుగా లోపలికి వచ్చే రొద, తొలి వర్ధకపు సొంత రొద కలిసి మొత్తం వ్యవస్థ ఉష్ణోగ్రత అవుతుంది. ఆంటెన్నా గెయిన్‌ను ఈ ఉష్ణోగ్రతతో భాగిస్తే వచ్చే నిష్పత్తి భూకేంద్రపు సామర్థ్యానికి ప్రధానమైన కొలమానం. ఉదాహరణకు గెయిన్ 54 డెసిబెల్స్, ఉష్ణోగ్రత 150 కెల్విన్లు అయితే ఈ నిష్పత్తి సుమారు 32 డెసిబెల్స్. సూర్యుడు లేదా శర్మిష్ఠ రాశిలోని కాసియోపియా-ఏ వంటి బలమైన రేడియో మూలం వైపు ఒకసారి, ఖాళీ ఆకాశం వైపు ఒకసారి డిష్‌ను తిప్పి దీనిని కొలుస్తారు.

ఆకాశం ఎంత చల్లగా ఉన్నా కొంత రొద మిగులుతుంది. అమెరికాలోని హోమ్‌డెల్‌లో ఎకో ఉపగ్రహ ప్రయోగాల కోసం నిర్మించిన కొమ్ము ఆంటెన్నాతో 1964లో ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ కొలతలు చేస్తుండగా ఏ కారణమూ తెలియని కొద్దిపాటి రొద అన్ని దిశల నుండి సమానంగా వచ్చింది. విశ్వం ఆవిర్భావ దశ నుండి మిగిలిన వికిరణమే అదని తరువాత తేలింది. దీని ఉష్ణోగ్రత సుమారు 2.7 కెల్విన్లు. ఈ పరిశోధనకు వారిద్దరికీ 1978లో నోబెల్ బహుమతిలో భాగం లభించింది.

అంకాత్మక సంకేతాల నాణ్యతను బిట్ దోష నిష్పత్తితో, అనగా పంపిన బిట్లలో ఎన్ని తప్పుగా అందాయనే లెక్కతో చెబుతారు. ఈ నిష్పత్తి ఒక్కొక్క బిట్‌కు అందిన శక్తికి, రొద సాంద్రతకు గల నిష్పత్తి మీద ఆధారపడుతుంది. ఉపగ్రహాలు సాధారణంగా వాడే దశా మాడ్యులేషన్‌లో దోష సవరణ లేనప్పుడు ఈ నిష్పత్తి 9.6 డెసిబెల్స్ ఉంటే లక్ష బిట్లకు ఒకటి తప్పు అవుతుంది. ఒక డెసిబెల్ తగ్గితే లక్షకు సుమారు 7 తప్పులు. మూడు డెసిబెల్స్ తగ్గితే లక్షకు సుమారు 125 తప్పులు. శక్తి సగమైతే తప్పులు రెట్టింపు కావడం కాదు, నూరు రెట్లు దాటుతాయి. గురిలో చిన్న దోషం కూడా ఎందుకు సహించరానిదో దీనిని బట్టి తెలుస్తుంది.

అందువలన పంపే ముందే బిట్లకు అదనపు బిట్లను చేర్చి, అందిన తరువాత తప్పులను గుర్తించి సరిచేసే దోష సవరణ కోడ్లను వాడతారు. రీడ్-సాలమన్ కోడ్‌లో బహుళ ప్రచారంలో ఉన్న ఒక రూపం 223 సమాచార అక్షరాలకు 32 అక్షరాలను చేర్చి, ఆ 255 అక్షరాల గుంపులో 16 వరకు తప్పులను సరిచేయగలదు. అయితే తప్పులు ఆ హద్దు దాటితే గుంపు మొత్తం పనికిరాకుండా పోతుంది. పాత టెలివిజన్‌లో సంకేతం తగ్గితే బొమ్మ క్రమంగా మసకబారేది. అంకాత్మక ప్రసారంలో బొమ్మ చివరివరకు బాగానే ఉండి, ఒక్కసారిగా మాయమవుతుంది. ఈ కారణంగా అన్ని నష్టాలూ పోగా మరికొన్ని డెసిబెల్స్ మిగిలి ఉండేలా భూకేంద్రాన్ని రూపొందిస్తారు.

నాణ్యతను తగ్గించే కారణాలు

* తక్కువ ఊర్ధ్వకోణం: డిష్ క్షితిజానికి దగ్గరగా వాలినప్పుడు నేల రొద ఎక్కువగా లోపలికి వస్తుంది. సంకేతం ఎక్కువ మందం గల వాతావరణాన్ని దాటవలసి వస్తుంది. నేల మీద, భవనాల మీద పడి పరావర్తనం చెందిన తరంగాలు కూడా అసలు సంకేతంతో కలిసి దానిని చెడగొడతాయి.
* వక్రీభవనం: వాతావరణం తరంగాలను క్రిందికి వంచడం వలన ఉపగ్రహం ఉన్నచోటి కంటే కొంచెం పైన ఉన్నట్లు అనిపిస్తుంది. 5 డిగ్రీల వద్ద ఈ తేడా సుమారు 0.2 డిగ్రీ. ప్రోగ్రామ్ అనుసరణలో దీనిని సవరించకపోతే ఎక్స్-బ్యాండ్ డిష్‌లో సగానికి పైగా శక్తి పోతుంది.
* వాన: కేయూ, కా-బ్యాండ్లలో వాన చినుకులు సంకేతాన్ని మింగడమే కాక తమ రొదను కూడా చేరుస్తాయి. భారీ వర్షంలో ఇంటి టీవీ ప్రసారాలు ఆగిపోవడానికి కారణం ఇదే. ఎస్-బ్యాండ్‌లో ఈ ప్రభావం స్వల్పం.
* సూర్యుడు: సూర్యుడు ఉపగ్రహం వెనుకకు వచ్చినప్పుడు వేల కెల్విన్ల రొద నేరుగా డిష్‌లో పడుతుంది. హైదరాబాదు అక్షాంశం వద్ద భూస్థిర ఉపగ్రహాలకు ఇది మార్చి రెండవ వారం ప్రాంతంలోను, సెప్టెంబరు చివర నుండి అక్టోబరు మొదటి రోజుల వరకు, రోజుకు కొద్ది నిమిషాలపాటు జరుగుతుంది.
* డాప్లర్ ప్రభావం: ఉపగ్రహం దగ్గరకు వస్తున్నప్పుడు పౌనఃపున్యం పెరిగినట్లు, దూరమవుతున్నప్పుడు తగ్గినట్లు అందుతుంది. పైన చెప్పిన కక్ష్యలో ఎక్స్-బ్యాండ్ వద్ద ఈ మార్పు ఇటూ అటూ సుమారు 1,80,000 హెర్ట్‌జ్ వరకు ఉంటుంది. గ్రాహకం కూడా పౌనఃపున్యాన్ని అనుసరిస్తూ మారాలి.
* ధ్రువణం: ఉపగ్రహాలు తరచుగా వృత్తాకార ధ్రువణంతో సంకేతాలు పంపుతాయి. ఇది కుడి, ఎడమ అని రెండు రకాలు. ఫీడ్ సరైన రకానికి అమర్చి లేకపోతే గురి ఎంత బాగున్నా సంకేతం దాదాపు అందదు.

ధ్రువణానికి సంబంధించి ఒక ప్రసిద్ధ సంఘటన ఉంది. 1962 జులై 10న ప్రయోగించిన టెల్‌స్టార్-1 అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా టెలివిజన్ చిత్రాలను చేరవేసిన తొలి ఉపగ్రహం. దాని ప్రసార శక్తి సుమారు 2 వాట్లు. మొదటి రాత్రి ఫ్రాన్సులోని ప్లమర్-బోదు కేంద్రంలో చిత్రాలు చక్కగా అందాయి. ఇంగ్లండులోని గూన్‌హిల్లీ కేంద్రంలో మాత్రం 26 మీటర్ల డిష్ ఉన్నప్పటికీ సరిగా అందలేదు. వృత్తాకార ధ్రువణపు దిశకు ఇచ్చే నిర్వచనాన్ని రెండు దేశాలవారు వేర్వేరుగా అర్థం చేసుకొనడం వలన ఫీడ్‌లోని ఒక భాగం తారుమారుగా అమరింది. దానిని సరిచేసిన తరువాత గూన్‌హిల్లీలో కూడా చిత్రాలు బాగా వచ్చాయి.

భారతదేశంలో

భారతదేశంలో తొలి ప్రయోగాత్మక ఉపగ్రహ సమాచార భూకేంద్రం 1967లో అహ్మదాబాదులో ఏర్పడింది. 1971లో మహారాష్ట్రలోని ఆర్వి వద్ద విదేశీ టెలిఫోను సంబంధాల కొరకు విక్రమ్ భూకేంద్రం ప్రారంభమైంది. 1975 ఏప్రిల్ 19న ప్రయోగించిన ఆర్యభట్ట సంకేతాలను శ్రీహరికోటలోని కేంద్రం అందుకొన్నది.

1975 ఆగస్టు 1 నుండి 1976 జులై 31 వరకు జరిగిన సైట్ ప్రయోగం ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు ఉపగ్రహ టెలివిజన్‌ను తెచ్చింది. గ్రామాలలో అమర్చినవి తీగ వలతో చేసిన సుమారు 3 మీటర్ల డిష్‌లు. 860 మెగాహెర్ట్‌జ్ వద్ద వాటి పుంజం సుమారు 8 డిగ్రీలు కనుక వాటికి అనుసరణ అవసరం లేకపోయింది. ఏటీఎస్-6 ఉపగ్రహం మీద 9 మీటర్ల పెద్ద ఆంటెన్నా ఉండటం వలననే నేల మీద ఇంత సులువైన డిష్ సరిపోయింది. గురి భారం నేల నుండి ఉపగ్రహానికి మారిందని చెప్పవచ్చు.

హైదరాబాదుకు సమీపంలోని షాద్‌నగర్ వద్ద 1979లో ల్యాండ్‌శాట్ చిత్రాలను అందుకునే భూకేంద్రం ఏర్పడింది. అప్పట్లో ఇది మహబూబ్‌నగర్ జిల్లాలోనిది, 2016 నుండి రంగారెడ్డి జిల్లాలో ఉంది. 1988 మార్చి 17న ప్రయోగించిన ఐఆర్ఎస్-1ఏ మొదలుకొని భారతీయ దూరసంవేదన ఉపగ్రహాల చిత్రాలు ఇక్కడికే చేరుతున్నాయి. దీనిని నడిపే జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ 2008లో ఇస్రో కేంద్రంగా మారి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం అయింది. ధ్రువ కక్ష్యలోని ఉపగ్రహం రోజుకు సుమారు 14 ప్రదక్షిణలు చేసినా షాద్‌నగర్ అక్షాంశం నుండి వాటిలో కొన్ని మాత్రమే కనిపిస్తాయి. ధ్రువాలకు దగ్గరగా ఉన్న కేంద్రానికి చాలా ప్రదక్షిణలు కనిపిస్తాయి. అంటార్కిటికాలోని భారతి స్థావరం వద్ద 2013లో భూకేంద్రాన్ని ఏర్పరచడానికి కారణం ఇదే.

భూస్థిర ఉపగ్రహాల నియంత్రణకు 1982లో కర్ణాటకలోని హాసన్ వద్ద ప్రధాన నియంత్రణ కేంద్రం ఏర్పడింది. బెంగుళూరు సమీపంలోని బ్యాలాళు వద్ద చంద్రయాన్-1 కొరకు 18 మీటర్లు, 32 మీటర్ల ఆంటెన్నాలను 2008లో నెలకొల్పారు. 2014 సెప్టెంబరు 24న మంగళయాన్ కుజ కక్ష్యలో ప్రవేశించినప్పుడు దాని సంకేతం భూమిని చేరడానికి 12 నిమిషాలకు పైగా పట్టింది. అంత దూరంలోని నౌక ఆకాశంలో నక్షత్రాలతో పాటు నెమ్మదిగా, గంటకు సుమారు 15 డిగ్రీల చొప్పున కదులుతుంది. షాద్‌నగర్‌లో సమస్య ఉపగ్రహ వేగం, బ్యాలాళులో సమస్య సంకేతపు బలహీనత. మొదటిదానికి చురుకుగా తిరిగే డిష్ కావాలి, రెండవదానికి నిదానంగా తిరిగినా కొంచెం కూడా చెదరని పెద్ద డిష్ కావాలి.

ఇవి కూడా చూడండి

* కృత్రిమ ఉపగ్రహం
* భూస్థిర కక్ష్య
* డాప్లర్ ప్రభావం
* రిమోట్ సెన్సింగ్
* జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం
* భారత అంతరిక్ష పరిశోధన సంస్థ